తరగతిలో మంచి నడవడి ఎలా తేవాలి: ఒక్కో చోటు సరిచేసుకుంటూ

పొద్దున్నే ప్రార్థనలో పిల్లలంతా చెయ్యి ముందుకు చాచి, భారతీయులందరూ తమ సహోదరులని ప్రతిజ్ఞ చేస్తారు. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాసిన ఆ మాటలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మధ్యాహ్నం కంచాలు పట్టుకుని వరుసలో నిలబడగానే ఆ సహోదరుణ్ణే మోచేత్తో వెనక్కి నెడతారు. ఇందుకు వాళ్లను తిట్టి లాభం లేదు. ప్రార్థనలో ఇంకో పది నిమిషాలు నీతులు చెప్పినా ఎండలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు పెరుగుతారంతే.

నెల్లూరు జిల్లా బడైనా ప్రకాశం జిల్లా బడైనా, కాస్త గమనించే టీచరుకు ఒక సంగతి తెలుస్తుంది. ఎగతాళి, తోపులాట, వెలివేయడం అన్నీ దాదాపు ఒకే నాలుగైదు చోట్ల, ఒకే వేళకు జరుగుతాయి. భోజనం వరుస, కుళాయి, ఆటల పీరియడ్‌లో జట్లు పంచుకునేటప్పుడు, పరీక్ష పేపర్లు ఇచ్చేటప్పుడు, సాయంత్రం ఆటో కోసం నిలబడేటప్పుడు. ముప్పై నలభై మంది మనసులు మార్చడం మన వల్ల అయ్యే పని కాదు. ఆ నాలుగైదు చోట్ల ఏర్పాట్లు మార్చడం మాత్రం మన చేతిలో పనే. కింద చెప్పేదంతా ఐదు నుంచి తొమ్మిదో తరగతి వరకు క్లాస్ టీచర్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. డబ్బు ఖర్చు పెద్దగా ఉండదు. హెడ్మాస్టరు గారికి ముందుగా ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

1. వారం రోజులు చూడండి, రాసుకోండి, ఏమీ అనకండి

మొదటి వారం గమనించడమే పని. చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందో రాయండి. "మంగళవారం, ఇంటర్వెల్, కుళాయి దగ్గర పెద్ద క్లాసు వాళ్లు చిన్నవాళ్ల బాటిళ్లు పక్కకు లాగేశారు." ఇంతే చాలు. పేర్లు రాస్తే మీకు తెలియకుండానే చేతిలో బెత్తం ఉన్నట్టు ప్రవర్తిస్తారు, కాబట్టి ఈ వారం పేర్లు వద్దు.

మనం చూడలేని చోట్లు పిల్లలకే తెలుస్తాయి. బడి నమూనా తెల్లకాగితం మీద గీతలతో గీసి జిరాక్స్ తీయించి ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. పేరు రాయొద్దని చెప్పి, "నీకు నిలబడాలని అనిపించని చోట ఇంటూ గుర్తు పెట్టు" అనండి. కాగితాలు తిరిగి తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. ఆటస్థలం మీద వస్తాయనుకున్న గుర్తులు మెట్ల మలుపు దగ్గరో, మరుగుదొడ్ల వెనకో, సైకిళ్ల షెడ్డు దగ్గరో గుంపుగా కనిపిస్తాయి. స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి కనిపించని చోటు ఏదో చూడండి, సగం జవాబు అక్కడే ఉంటుంది.

అదే వారంలో ఇంకో చీటీ. "గ్రూపులో నీ పక్కన ఎవరుంటే బాగుంటుందో మూడు పేర్లు రాయి." ఇందులో ఎక్కువసార్లు వచ్చిన పేర్లతో మనకు పని లేదు. ఏ చీటీలోనూ రాని పేర్లు చూసుకోండి. ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ చీటీలు ఎవరికీ చూపించకుండా, స్టాఫ్‌రూమ్‌లో కూడా చదవకుండా చింపేయండి.

2. ఆ పేరు రాని పిల్లలు ఎందుకు ఒంటరిగా ఉన్నారో వెతకండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన రెండు జిల్లాల్లో పిల్లలు వెనకబెంచీకి చేరడానికి కారణాలు చాలావరకు మనం పుట్టి పెరిగిన చోటే ఉన్నాయి.

కనిగిరి, ఉదయగిరి వైపు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన పిల్లవాణ్ణి తీసుకోండి. ఊళ్లో ఉన్నన్నాళ్లు వాడి పళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అక్కడ చాలామంది పళ్లు అంతే. ఒంగోలుకో నెల్లూరుకో రాగానే "పళ్లు తోముకోడు" అని పేరు పడుతుంది. వాడు నవ్వడం మానేస్తాడు, చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు, తర్వాత మాట్లాడడమే మానేస్తాడు. దీనికి "ఎగతాళి చేయకూడదు" అన్న ఉపదేశం కన్నా ఒక సైన్సు పీరియడ్ బాగా పనిచేస్తుంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, చిన్నతనంలో చిగురు లోపల శాశ్వత దంతాలు తయారయ్యే రోజుల్లోనే ఆ గోధుమరంగు మచ్చ పడిపోతుందని, పన్ను బయటికి వచ్చాక ఎంత తోమినా పోదని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పండి. ఆ పిల్లవాడి వైపు చూడకండి, పేరెత్తకండి. బోరు నీళ్లు, భూగర్భ రాళ్లు, ఫ్లోరైడ్ అన్న వరుసలో మామూలు పాఠంలా చెప్పేయండి. పిల్లలు నవ్వేది అది మురికి అనుకుని. మురికి కాదని తెలిశాక నవ్వు చాలావరకు దానంతట అదే ఆగిపోతుంది.

సముద్రం ఒడ్డు పాలేల నుంచి వచ్చే పిల్లలకు "చేపల కంపు" అన్న మాట పడుతుంది. చీమకుర్తి క్వారీల్లో పనికి వచ్చిన ఒడిశా, బీహార్ కుటుంబాల పిల్లల తెలుగును వెక్కిరిస్తారు. పశ్చిమ ప్రకాశంలో అమ్మానాన్న హైదరాబాదుకో బెంగుళూరుకో బేల్దారి పనికి పోతే అవ్వ దగ్గర ఉండే పిల్లలు సగం రోజులు నలిగిన యూనిఫాంతో వస్తారు. టౌన్లో ప్రైవేటు బడుల్లోనైతే పల్లె నుంచి వచ్చి ఇంగ్లీషు తడబడే పిల్లలది అదే పరిస్థితి.

అన్నిటికన్నా మొండిది కులం పేరుతో వచ్చే మాట. నెల్లూరు జిల్లాలో యానాది పిల్లలు చాలా బడుల్లో ఉన్నారు. ఆ కులం పేరునే తిట్టుగా వాడే అలవాటు మన పెద్దవాళ్ల నోట ఉంది, అక్కడి నుంచే పిల్లల నోటికి వస్తుంది. దీన్ని అల్లరి కింద కట్టేసి నవ్వి వదిలేయకండి. మొదటిసారి విన్నప్పుడే, ఆ రోజే, అన్నవాణ్ణి విడిగా పిలిచి తేల్చండి. జిల్లాకు పేరైన పొట్టి శ్రీరాములు గారి 1952 దీక్ష ఆంధ్ర రాష్ట్రం కోసమని ప్రతి పిల్లవాడికీ తెలుసు. 1946లో ఆయన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష చేశారన్న సంగతి చాలామందికి తెలియదు. నవంబరు 1న దండ వేసేటప్పుడు ఆ రెండోది కూడా చెప్పండి. నెల్లూరు పిల్లలకు గుడి పేరు, పేట పేరు తెలిసినవే కాబట్టి వెంటనే పట్టుకుంటారు.

3. ముందు మన నోరు సరిచేసుకోవాలి

ఇది చిన్న అడుగే, తప్పించుకోవడానికి వీల్లేనిది. "మొద్దు", "దద్దమ్మ", "నీ మొహానికి చదువొకటి" అని టీచరు అంటే, ఆ మాట వాడడానికి తరగతి మొత్తానికి అనుమతి దొరికినట్టే. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. స్టాఫ్‌రూమ్‌లో చాలామందికి ఆ చట్టంలో బెత్తం సగమే గుర్తుంటుంది.

పరీక్ష పేపర్లు ఇచ్చే పద్ధతి చూసుకోండి. మార్కులు గట్టిగా చదువుతూ, ఎక్కువ వచ్చినవాళ్లతో మొదలుపెట్టి చివరి నలుగురినీ నిలబెట్టి ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. ఆ ఐదు నిమిషాల్లో ఎవరిని వెక్కిరించవచ్చో మనమే జాబితా చదివి వినిపించినట్టవుతుంది. పేపరు మడిచి, మార్కులు లోపలికి పెట్టి, హాజరు పట్టీ వరుసలో ఇచ్చేయండి.

4. ఒక్క చోటు ఎంచుకోండి. భోజనం వరుస అయితే మంచిది

వారం నోట్సులో ఎక్కువసార్లు వచ్చిన చోటు ఒకటి ఎంచుకోండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే నెలాఖరుకు ఏదీ మిగలదు. ప్రభుత్వ బడుల్లో సాధారణంగా అది మధ్యాహ్న భోజనం దగ్గరే తేలుతుంది.

ఒక రోజు గుడ్డు ఉన్నప్పుడు వరుస చివర నిలబడి చూడండి. ముందున్నవాళ్లు గిన్నెలోకి తొంగిచూసి పెద్ద గుడ్డు అడుగుతారు. వరుస చివరికి వచ్చేసరికి పగిలినవి, చితికినవి మిగులుతాయి, సాంబారులో ముక్కలుండవు. ఆ చివర నిలబడేది రోజూ అదే ముగ్గురు నలుగురు. ఎవరూ వాళ్లను అక్కడికి పంపలేదు, ముందుకు పోతే తోస్తారని వాళ్లే ఆగిపోయారు. కంచం కడిగే కుళాయి దగ్గర కూడా చివర వాళ్లే. బెల్లు కొట్టాక తడిచేతులతో తరగతికి వచ్చి లేటైనందుకు తిట్లు తినేదీ వాళ్లే.

మార్చాల్సినవి ఇవి. వరుస ఏ బెంచీ నుంచి మొదలవ్వాలో రోజుకొకటి చొప్పున తిప్పండి. సోమవారం మొదటి బెంచీ, మంగళవారం రెండోది, అలా. బోర్డు మూల ఆ రోజు అంకె రాస్తే వాదనే ఉండదు. గుడ్లు ఎంచుకోవడం ఉండదు, చేతికి వచ్చింది తీసుకోవాలి. తినేటప్పుడు ఆరుగురు చొప్పున గుండ్రంగా కూర్చోవాలి, ఆ ఆరుగురు ఎవరో మీరే వేసి సోమవారం సోమవారం మార్చండి. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో పిల్లలకే వదిలేస్తే కులం, పేట, మార్కులు అన్నీ కలిసి వాటంతట అవే గీతలు గీస్తాయి. ప్రతి ఆరుగురిలో ఒకరు నీళ్లు, ఒకరు గుడ్డు పెంకులు, ఒకరు కింద శుభ్రం చూసుకోవాలి, ఆ పనులు కూడా తిరగాలి. ఆడపిల్లలకే చీపురు రాకుండా చూడండి. వారానికి రెండు రోజులైనా మీరూ ఒక గుంపులో కూర్చుని తినండి, రోజుకో గుంపులో.

పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఉందని పిల్లలకు తెలుసు, ఆవిడ ఎవరో తెలియదు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆవిడ గోదావరి లంకల్లో వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా వండిపెట్టిందని తినబోయే ముందు ఒక రోజు రెండు నిమిషాలు చెప్పండి, మళ్లీ మళ్లీ వద్దు. రోజూ చెబితే అదీ ప్రార్థన ఉపన్యాసం అయిపోతుంది.

మొదటి వారం గొణుగుతారు. "మేడం, నేను వాడి పక్కన కూర్చోను" అని ఎవరో ఒకరు అంటారు. "వచ్చే సోమవారం మారుతుందిలే" అని పనిలో పడండి. కారణం అడగకండి. అడిగితే అందరి ముందూ చెప్పేస్తాడు, ఆ మాట ఇంకొకరికి గుచ్చుకుంటుంది.

5. ఒకరు లేకపోతే ఇంకొకరికి పని జరగని పాఠాలు చెప్పండి

1971లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లలను ఒకే బడుల్లో కలిపినప్పుడు తరగతుల్లో గొడవలు పెరిగాయి. ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు కలిసి పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక ముక్క ఇచ్చే పద్ధతి తెచ్చారు. తన ముక్క తనకొక్కడికే తెలుసు, మిగతావాళ్లకు చెప్పాల్సింది తనే. దాంతో అప్పటిదాకా పట్టించుకోని పిల్లవాణ్ణి "నువ్వు చెప్పు, ఇంకోసారి చెప్పు" అని అడగక తప్పని అవసరం వచ్చింది.

మన దగ్గర పెన్నా పాఠంతో దీన్ని మొదలుపెట్టండి. ఐదుగురి గుంపు. ఒకరికి నంది కొండల్లో నది పుట్టుక, ఒకరికి సీమలో దాని నడక, ఒకరికి సోమశిల జలాశయం, ఒకరికి సంగం, నెల్లూరు దగ్గరి బ్యారేజీలు, కాలువల కింద వరి, ఒకరికి సముద్రంలో కలిసే చోటు. ఒక్కో ముక్క పది వాక్యాలకు మించకూడదు. ముందు అన్ని గుంపుల్లోని సోమశిల వాళ్లు ఒక చోట, సంగం వాళ్లు ఒక చోట కూర్చుని తమ ముక్క బాగా నేర్చుకోవాలి. తర్వాత ఎవరి గుంపుకు వాళ్లు వెళ్లి చెప్పాలి. చివర్లో చిన్న పరీక్ష ఐదు ముక్కల మీదా ఉంటుంది.

చదవడం సరిగా రాని పిల్లకు ఏ ముక్క ఇస్తారన్నదే ఇందులో అసలు పని. వాళ్ల నాన్న సోమశిల కాలువ కింద వరి కౌలుకు చేస్తుంటే ఆ పిల్లకు కాలువల ముక్క ఇవ్వండి. నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు నారు పోస్తారో పుస్తకంలో లేని సంగతి కూడా తనే చెబుతుంది. పాలెం పిల్లవాడికి నది సముద్రంలో కలిసే చోటు ఇవ్వండి.

6. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు మారుతూ ఉండాలి

సాయం అంటే బాగా చదివేవాడు చదవలేనివాడికి చెప్పడమే అన్న లెక్క తరగతిలో పాతుకుపోయింది. ఎప్పుడూ పుచ్చుకునే వైపే ఉండడం పిల్లలకు అవమానం. నెల్లూరులో దీనికి మంచి నమూనా కళ్ల ముందే ఉంది. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగలో కోరిక ఉన్నవాళ్లు రొట్టె పుచ్చుకుంటారు, కోరిక తీరినవాళ్లు రొట్టె పంచుతారు. నిరుడు చెయ్యి చాచినవాళ్లే ఈ ఏడు ఇచ్చేవాళ్లు. విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె అని దేనికది. అన్ని మతాల వాళ్లూ ఆ నీళ్లలో నిలబడతారు.

తరగతిలో రెండు మార్కాపురం పలకలు గోడకు ఆనించి పెట్టండి. ఒకదాని మీద "నాకు వచ్చు", ఇంకోదాని మీద "నాకు కావాలి". శనివారం ఒక్కొక్కరూ రెండు పలకల మీదా ఒక్కో మాట రాయాలి, రెండూ రాయడం తప్పనిసరి. ఒకడికి భిన్నాలు కావాలి, సైకిల్ చెయిన్ వేయడం వచ్చు. ఒకమ్మాయికి ముగ్గు, ఈత వచ్చు, ఇంగ్లీషులో సెలవు చీటీ రాయడం కావాలి. ఒడిశా పిల్లవాడికి తెలుగు ఒత్తులు కావాలి, ఒడియాలో ఒకటి నుంచి వంద వరకు నేర్పడం వచ్చు. జతలు కలిపి అరగంట వదిలేయండి, తర్వాత పలకలు తుడిచేయండి. మొదటి రోజు "నాకేం రాదు సార్" అనేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్లకేం వచ్చో మీరు ముందే కనుక్కుని ఉండాలి, అప్పటికప్పుడు తడుముకోకూడదు.

వారానికి మూడు మంచి పనుల పద్ధతి కూడా పెట్టవచ్చు. కెనడాలోని వాంకోవర్‌లో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలతో నాలుగు వారాలు ఇలా చేయించి 2012లో ఫలితం ప్రచురించారు. వారానికి మూడు మంచి పనులు చేసిన పిల్లలతో కలిసి పనిచేయడానికి తోటివాళ్లు అంతకు ముందుకన్నా ఎక్కువ ఇష్టపడ్డారు. మన దగ్గర ఒక షరతు గట్టిగా పెట్టండి: డబ్బు పెట్టి కొనే పని ఏదీ లెక్కలోకి రాదు. లేకపోతే చాక్లెట్లు పంచగలిగినవాడే మంచివాడవుతాడు. జ్వరమొచ్చి రాని వాళ్లకు నోట్స్ రాసిపెట్టడం, చిన్న తరగతి పిల్లలను ఆటో ఎక్కించడం, ఒంటరిగా తింటున్నవాళ్లను పిలవడం ఇలాంటివి చాలు. మొదట్లో మీకు కనపడాలని నటిస్తారు. నటించనివ్వండి, నోట్స్ మాత్రం నిజంగానే ఆ పిల్లకు అందుతాయి కదా.

7. మెచ్చుకోవడం ఎలా

"వెరీ గుడ్", "మంచి పిల్లవు" అంటే పిల్లలకు ఏం చేస్తే మెచ్చుకున్నారో అర్థం కాదు. ఏం చేశావు, ఎవరికి చేశావు, దాంతో ఏమైంది అన్న మూడూ కలిపి చెప్పండి. "ఆ అమ్మాయి స్కేలు తెచ్చుకోలేదని చూసి అడక్కుండానే నీది జరిపావు, తను లెక్క టైముకు పూర్తి చేయగలిగింది." ఇలా ఒక్క వాక్యం, నడుస్తూ నడుస్తూ చెప్పేసి వెళ్లిపోండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల అబ్బాయిలను అందరి ముందూ పొగిడితే ఇంటర్వెల్లో "సార్ చెంచా" అంటారు. వాళ్లకు విడిగా చెప్పండి.

బహుమతుల జోలికి తొందరపడి పోకండి. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ముందే బహుమతి ఆశ చూపి వేయించారు. తర్వాత చూస్తే వాళ్లు మిగతావాళ్ల కన్నా బొమ్మలు వేయడం తగ్గించేశారు. ముందే చెప్పకుండా ఇచ్చిన బహుమతితో అలా జరగలేదు. మంచితనానికి స్టార్లు, పాయింట్లు, ఆగస్టు 15న కప్పులు పెడితే లెక్కలు, గొడవలు, "వాడికి రెండు స్టార్లు ఎక్కువేశారు" అన్న ఫిర్యాదులు మొదలవుతాయి.

ఇంకొకటి నాకు బొత్తిగా నచ్చనిది. పిల్లవాడు పేద పిల్లకు నోటుపుస్తకం ఇస్తుంటే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. ఇచ్చినవాడి చెయ్యి చూస్తాం, పుచ్చుకున్న పిల్ల మొహం ఊరంతా చూస్తుంది. ఫొటో తీయకండి.

8. చూస్తూ నిలబడేవాళ్లకు ఏం చేయాలో నేర్పండి

ఏడిపించేవాడు ఒకడు, ఏడ్చేవాడు ఒకడు, చుట్టూ పదిమంది. ఆ పదిమందితోనే పని. కెనడాలో బడి ఆటస్థలాల్లో కెమెరాలతో చూసి 2001లో వెలువరించిన పరిశోధనలో, తోటి పిల్లలు కలగజేసుకున్నప్పుడు 57 శాతం సందర్భాల్లో వేధింపు 10 సెకన్లలోపు ఆగిపోయింది. టీచరు పరిగెత్తుకుని వచ్చే లోపలే అన్నమాట.

కానీ "ఎదిరించు" అని చెబితే మామూలు పిల్లవాడికి టెన్షన్. దెబ్బలు తనకూ పడతాయి. ఏడిపించేవాడి జోలికి పోకుండా, ఏడుస్తున్నవాణ్ణి అక్కడి నుంచి తప్పించడం నేర్పండి. "ఒరే, ఇటు రా, నీతో పనుంది." "సార్ పిలుస్తున్నారు నిన్ను." "మా జట్టులో ఒకళ్లు తక్కువ, వస్తావా?" ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి అని చెయ్యి పట్టుకుని తీసుకుపోవడమే. అది కూడా చేయలేకపోతే నవ్వకుండా ఉండాలి, తర్వాత వచ్చి టీచరుకు చెప్పాలి. అలా చెప్పడం చాడీ కిందికి రాదని, చెప్పినవాళ్ల పేరు బయటకు రాదని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఒక్కసారి "ఫలానావాడు చెప్పాడు" అని నోరు జారితే ఆ ఏడాదికి ఇంకెవరూ మీ దగ్గరికి రారు.

తరగతిలో నాటకంలా వేయించండి. ఏడిపించే పాత్ర నిజంగా ఏడిపించేవాడికి ఇవ్వకండి, ఏడ్చే పాత్ర నిజంగా ఏడ్చేవాడికి అసలే ఇవ్వకండి. ఏడిపించే పాత్ర మీరే వేస్తే పిల్లలకు హుషారు, ఎవరికీ నొప్పి ఉండదు.

ఆటల పీరియడ్‌కు ఒక్క మాట. కబడ్డీకి ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరిని ఎంచుకునే పద్ధతి మానేసి, ఒకటి రెండు అంకెలు లెక్కించి జట్లు చేసేయండి. చివర మిగిలిపోయే పిల్లవాడనేవాడే ఉండడు.

9. తప్పు జరిగినప్పుడు

ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "సారీ చెప్పు, చేతులు కలుపు" అనడం వల్ల టీచరుకు తృప్తి తప్ప ఇంకేం లేదు. విడివిడిగా పిలవండి. ముందు దెబ్బ తిన్నవాణ్ణి, తర్వాత కొట్టినవాణ్ణి. ఏం జరిగింది, దాంతో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చింది, దాన్ని సరిచేయడానికి నువ్వేం చేస్తావు, ఎప్పటిలోగా అని అడగండి. "ఎందుకు చేశావు" అని అడగకండి, దానికి ఏ పిల్లవాడి దగ్గరా జవాబు ఉండదు. బాటిల్ పగలగొడితే బాటిల్ తేవాలి, ఇంట్లో డబ్బు లేకపోతే వారం రోజులు తన బాటిల్ పంచుకోవాలి. పేరు పెట్టి వెక్కిరిస్తే, ఆ పేరు ఇంకొకడు పిలిచినప్పుడు ఆపే పని వాడికే ఇవ్వండి. మూడో రోజు "ఏమైంది?" అని తప్పక అడగండి.

కొన్ని మాత్రం తరగతిలో తేల్చేవి కావు. రోజుల తరబడి ఒకరినే వేధించడం, గాయమయ్యేలా కొట్టడం, బాత్రూమ్‌లో ఫోనుతో ఫొటోలు తీయడం, ఒంటి మీద చెయ్యి వేయడం. ఇలాంటివి వెంటనే హెడ్మాస్టరు దృష్టికి తీసుకెళ్లండి. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు కోసం ఊళ్లో పెద్దమనుషుల చేత రాజీ చేయించడం నేరమవుతుంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలీమానస్ 14416 నంబరు మరుగుదొడ్ల తలుపు లోపలి వైపు అంటించండి. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఆ నంబరు రాసుకునే ధైర్యం పిల్లలకు ఉండదు.

10. ఇంటికి కబురు పంపండి

బడి నుంచి ఫోన్ వస్తే ఇంట్లో గుండె ఝల్లుమంటుంది, ఎందుకంటే ఫిర్యాదుకు తప్ప మనం ఫోన్ చెయ్యం. రొయ్యల గుంట దగ్గరో పొగాకు బ్యారన్ దగ్గరో పనిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసి, "ఏమీ లేదు, మీవాడు ఈ రోజు చిన్నపిల్లను ఆటో దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు, చెబుదామని చేశా" అని పెట్టేయండి. రోజుకు ఇద్దరు చొప్పున చేస్తే నెల తిరిగేసరికి తరగతి అయిపోతుంది. అల్లరి పిల్లల ఇళ్లతో మొదలుపెట్టండి. చదువురాని అవ్వల దగ్గర ఉన్న పిల్లలైతే డైరీలో రాసి లాభం లేదు, వాయిస్ మెసేజ్ పంపండి. హైదరాబాదులో ఉన్న తల్లికి కూడా అదే పంపండి, రాత్రికి వాళ్లు మాట్లాడుకోవడానికి ఒక మంచి సంగతి ఉంటుంది.

తల్లిదండ్రుల సమావేశంలో ప్రకాశం పంతులు గారి సంగతి ఒకటి చెప్పవచ్చు. 1928లో మద్రాసులో తుపాకీకి గుండె చూపించిన కథ అందరికీ తెలుసు. వినోదరాయునిపాలెంలో పుట్టిన ఆ పిల్లవాణ్ణి, తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు తన వెంట రాజమండ్రి తీసుకెళ్లి చదివించారు. ఒంగోలు వైపు బడుల్లో ఆ మాస్టారి కథ కూడా అంతే గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం. వింటున్నవాళ్లలో అద్దె గదుల్లో మెస్ నడిపే తల్లులు కూడా ఉంటారు.

11. ఏప్రిల్‌లో అప్పగింత

భోజనం వరుస సర్దుకోవడానికి నెల పట్టవచ్చు. అది కుదిరాక రెండో చోటు పట్టుకోండి. పిల్లలు మళ్లీ పాత దారిలో పడితే మొదటి అడుగులో రాసిన నోట్సు తీసి, ఆ చోటికి వెళ్లి మళ్లీ రెండు రోజులు నిలబడి చూడండి. సాధారణంగా ఏదో ఒక ఏర్పాటు జారిపోయి ఉంటుంది. బోర్డు మూల అంకె రాయడం ఎవరో మానేసి ఉంటారు.

ఏడాది చివర తర్వాతి తరగతి టీచరుకు ఒక పేజీ రాసివ్వండి. ఎవడు అల్లరివాడో అందులో వద్దు, అది స్టాఫ్‌రూమ్‌లో ఎలాగూ చేరిపోతుంది. ఎవరికి ఏది పనిచేసిందో రాయండి. "ఈ అబ్బాయికి నలుగురిలో మెచ్చుకోలు పడదు, విడిగా చెప్పండి." "ఈ అమ్మాయి దసరా తర్వాత నెల రోజులు రాదు, ఇంట్లోవాళ్లు పనికి పోతారు. నోట్స్ రాసిపెట్టే జత ఫలానా." "వీళ్లిద్దరినీ ఒకే గుంపులో వేయకండి, ఇంకా కుదరలేదు." జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఆ టీచరుతో పది నిమిషాలు కూర్చుని ఆ పేజీ కలిసి చదవండి, బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్లైతే ఫోన్ నంబరు కూడా రాసివ్వండి.